నీ పేరు రాసిన నా సీసా

బావా, బాగుండావా? నేనప్పా, మునిరత్నాన్ని. నువ్వు పోయి పది నెలలయింది. ఇన్నాళ్ళూ ఒక్క ముక్క రాయలా... ఐదో క్లాసులోనే బడి ఎగ్గొట్టినోడికి ఉత్తరమంటే సెమటలే కదా. ఈ పొద్దు వాన, సోడా బండి తియ్యలా. నా అచ్చరాలు సూసి నవ్వకు.

ముందు నీకు కడుపుమంట పెట్టే సంగతి. బెల్లం మండీలో నీ జాగాలో ఇంకొకాయన్ని పెట్టినారు. అచ్చు గిల్లి నోట్లో ఏసుకోని, కండ్లు మూసుకోని, జపం సేసే మాదిరి కూసుంటాడు. నువ్వయితే నాలిక మీద పెట్టీ పెట్టకనే ఇది ఉప్పు నేల సెరుకు, ఇది మంచి నేలది అని సెప్పేస్తా ఉంటివి. బెల్లం రుసి సూసి బతికేటోడికి సక్కెర జబ్బు! దేవుడు నాకంటే పెద్ద ఎకసెక్కాలోడు బావా.

ఇంగ అసలు సంగతికి వస్తా. అక్కకి కూడా వచ్చింది.

నీ మాదిరి దాహం లేదు ఆమెకి. బక్కసిక్కలా. కండ్లే మసకలయినాయి. బియ్యంలో రాళ్ళు కనబడలేదంటే సత్వారం అనుకున్నాం. తిరపతి డాక్టరు కాడికి నేనే పిల్సకపోయినా. రెండు నెలలు మాత్తర్లు మింగినా ఉచ్చ పరీచ్చలో రంగు మారలా. ఈసారి కూడా ఇట్నే వస్తే రోజూ ఇన్సులిను సూది ఏసుకోవాలన్నాడు ఆయన.

ఆ వారంలోనే అక్క మా ఇంటికొచ్చింది. కొంగులోంచి ఒక ఖాళీ సీసా తీసి అరుగు మీద పెట్టింది. "మీ బావకి ఇచ్చినావు కదరా, నాకియ్యవా?" అని నవ్వింది.

ఆమెకి సెప్పేసినావా బావా? ఎప్పుడు సెప్పినావు? నీకూ నాకూ తప్ప ఇంగెవరికీ తెలీదని పది నెలలు గుండెల్లో బండ పెట్టుకోని తిరిగితిని...

నీకు గుర్తుందా, ఆ కాంపౌండరు నీలం మందులో మన ఉచ్చ నాలుగు సుక్కలేసి, స్పిరిటు దీపం మీద కాగబెడతా ఉన్నాడు. నీలంగానే ఉంటే మంచిది, పచ్చ తిరిగితే పరవాలేదు, ఇటికరాయి రంగయితే తిట్లు. నీది ఎప్పుడూ ఇటికరాయే. మాత్తర్లు మొదలెట్టినాక నాది నీలం. నువ్వు సొక్కా తగిలించిన కొయ్య మాదిరి అయిపోతివి, నేనేమో బియ్యం మూట. ఇద్దరికీ ఒకే జబ్బంటే ఎవరు నమ్ముతారు?

సూది అంటే నీకు బయం. నొప్పికి కాదులే. "సూది పడిందని తెలిస్తే నా నాలికని ఇంగ నమ్మరు, మండీలో నన్ను గుమ్మం కాడ కూసోబెడతార్రా" అంటివి. ఆ పొద్దు బస్సు సంద్రగిరి దాటినాక నా సెవిలో "రేయ్ రత్నం, నీ ఉచ్చ బంగారం రా. నాకూ రోంత పొయ్యి" అంటివి. నేను నవ్విన నవ్వుకి కండక్టరు ఎనక్కి తిరిగి సూసినాడు.

బస్టాండులో దిగి రెండు సీసాలూ నేనే నింపినా. ఒకదాని మీద నీ పేరు. డాక్టరు నీ వీపు తట్టి శభాష్ అంటే, నువ్వు నాకు కన్ను కొడితివి. పెండ్లి పందిట్లో సోడాలో మిరియాల పొడి కలిపినోణ్ణి నేను... దానికంటే ఇదే గొప్ప ఆట అనుకున్నా.

నాలుగు నెలలు ఆడినాం.

నువ్వు కడవల కడవల నీళ్ళు తాగతా ఉంటే నేను సూడలేదా? సూసినా. పంచె జారిపోతా ఉంటే కూడా సూసినా. పెరట్లో నువ్వు పోసిన కాడ సీమలు పడితే, "వాటికి నీ మండీ అడ్రసు ఎవరిచ్చినారు బావా" అని ఎకసెక్కమాడితిని. నువ్వేమంటివి? "రంగు బాగానే ఉండాది కదరా!"

అదే బావా... ఆ మాటే నన్ను నిద్ర పోనియ్యదు. అది నా రంగని నీకు తెలుసు గదా. తెలిసి కూడా రాను రాను నువ్వే నమ్మేస్తివి. ఇద్దరం కలిసి డాక్టర్ని ఏమార్సినాం అనుకుంటే, ఆయన కంటే ముందు నువ్వే ఏమారిపోతివి. అప్పుడన్నా నేను ఒక్క మాట సెప్పి ఉంటే...

మండీలో కాలికి మేకు దిగింది. నీకు తెలీనే లేదు, నేల మీద నెత్తురు సూసి ఇంగెవరో సెప్పినారు. వారానికి వేళ్ళు నల్లబడినాయి. పెద్దాసుపత్రిలో కాలు తీసేస్తామన్నారు. తీసేలోపలే నువ్వు...

డాక్టరు ఆ పొద్దు నీ మందుల సీటీ తిరగేసి తిరగేసి సూసినాడు. నాలుగు నెలలు బాగుండిన మనిషికి ఒక్కసారిగా ఇంత సక్కెర యాడ్నించి వచ్చిందని నన్నే అడిగినాడు. నేను గోడ మీది బల్లిని సూస్తా నిలబడితిని.

ఇంకొకటి కూడా ఉండాది, అది నీకు తెలీదు. నీ దినాలయినాక బయమేసి నేను నెత్తురు పరీచ్చ సేయించుకున్నా. నెత్తురు నిండా సక్కెరేనంట! ఉచ్చ మాత్రం నీలం. కొందరికి రోంత ఎక్కువైతేనే ఉచ్చలోకి దిగిపోతుందంట, కొందరికి ఎంత నిండినా కిడ్నీ గట్టిగా పట్టేసుకుంటుందంట. నాది ఆ గట్టి రకం. నాకుండే అరికాళ్ళ మంటలు కూడా అందుకేనంట. నువ్వు బంగారం అన్నావే... అది కూడా నకిలీదే బావా.

ఇంత తెలిసినోణ్ణి అక్కకి యట్లా పోసిచ్చేది?

వొద్దక్కా, ఆ సీసానే బావను సంపింది అని సెప్పేసినా. ఆమె పకపకా నవ్వింది. "థూ, సచ్చినోళ్ళ మీద కూడానా నీ ఎకసెక్కాలు!" అని నెత్తిన ఒకటి మొట్టి పాయె. నలభై ఆరేళ్ళుగా నోరు తెరిస్తే అబద్ధమాడినోణ్ణి, ఒక నిజం సెప్తే ఎవరు నమ్ముతారు?

సరే, నిజం పనికి రాలేదు, నాకు తెలిసిన పనే సేద్దామనుకున్నా. సరే పోసిస్తాలే అక్కా అని సెప్పి, తిరపతికి పోయే పొద్దు ఆమె సీసా నింపి, దాంట్లో గ్లూకోసు పొడి రెండు సెంచాలేసి గిలకరించినా. ఇటికరాయి రంగు రాక యాడికి పోతుంది? సూది రాస్తాడు, అక్క బతుకుతుంది. నా తెలివికి నేనే మురిసిపోతిని.

బస్సులో సీసా ఒళ్ళో పెట్టుకోని కూసుంటి. పాకాల దాటినాక గుర్తుకొచ్చింది... నీ తర్వాత నాకు మాత్తర్లు పెంచినారు గదా, ఒక పొద్దు అవి మింగి, తినకుండా బండి తోసినా. సెమటలు, వణుకు, కండ్లు సీకట్లు. సక్కెర మరీ తగ్గిపోయి నడి బజార్లో పడిపోయినా. ఎవరో నా బండిలో కలరు సోడానే కొట్టి నా నోట్లో పోసినారు.

నేను కలిపిన పొడి లెక్కన అక్కకి సూది కొలిస్తే, ఆమె యాడ పడిపోతుంది? ఒంటిగా ఉండే మనిషి. ఆమె నోట్లో ఎవరు పోస్తారు? నీ ఒళ్ళు నీది, నాది నాది, ఆమెది ఆమెది... నా సీసాతో ఇంగొకర్ని తూసేది ఎన్నాళ్ళు?

కిటికీలోంచి పారబోసినా. ఎవరి మీదా పడలా, నమ్ము. ముందు సీట్లోంచి అక్క సూసింది. కండ్లెర్ర జేసింది గానీ నలుగురిలో ఏమనగలదు?

డాక్టరు ముందర, అక్క పక్కన ఉండంగానే సెప్పేసినా. మా బావ సీసాలో నాలుగు నెలలూ ఉండింది నా ఉచ్చ సామీ అని. డాక్టరు పెన్ను కింద పెట్టినాడు. నేను మాట్లాడితే ఎవరూ నవ్వకుండా ఉండింది అదే మొదటిసారి. అక్క నా మొగం సూసింది... ఆ సూపు నీకు రాయలేను బావా.

ఆయన నన్ను తిట్టనన్నా తిట్టలా. అక్క సెయ్యి పట్టుకోని నెత్తురు తీసినాడు. సూది రాసినాడు. మీకు పిల్లలు లేరు గదా బావా, రోజూ ఏసే మనిషి ఎవరని ఆయన అడిగితే నేనన్నా. కాంపౌండరు నాకు బత్తాయి మీద నేర్పించినాడు. తిరిగొచ్చేటప్పుడు అక్క ఆడోళ్ళ సీట్లో కూసుని ఒక్కసారి కూడా ఎనక్కి తిరగలా.

మరసటి పొద్దు ఆరింటికి మీ ఇంటి ముందర నిలబడితిని. తలుపు తీస్తుందా, తియ్యదా? తలుపు మొగాన ఏసినా బాగుండు, అదన్నా ఒక మాట మాదిరి ఉంటుంది... తలుపు దగ్గరికేసి ఉండింది, గడియ లేదు. లోపల పొయ్యి మీద సూదిని ఉడకబెట్టి పెట్టింది. మందు బుడ్డి తడి ఇసక కుండలో ఉండాది. గోడకేసి తిరిగి సెయ్యి సాపింది. సూది మూడుసార్లు ఎనక్కి తీసుకోని, నాలుగోసారికి గుచ్చినా.

పదహారు రోజులయింది. ఒక్క మాట లేదు. నన్ను తిట్టదు. నీ పేరెత్తదు. నేనే సంపినానని అనుకుంటా ఉందా? లేకుంటే, తనకీ తెలుసు గదా, ఎందుకు ఆపలేదని తనని తనే తిట్టుకుంటా ఉందా? ఆమెని నేను యట్లా అడిగేది? నన్ను ఆమె ఎందుకు అడగదు?

నిన్న మాత్రం మొదటిసారికే గుచ్చేసినా.

రేపు పొద్దున పోతా బావా. మాట్లాడినా పోతా, మాట్లాడకున్నా పోతా. నువ్వు మాత్రం ఆమె కలలోకి వచ్చి నన్ను ఎనకేసుకోని మాట్లాడొద్దు.

నీ బామ్మర్ది,
మునిరత్నం