జాంజిబార్‌లో కూర్చోవడానికో అరుగు

వాడి కబీర్ (ఒమాన్), 1994 జూన్, గురువారం రాత్రి

ఆదివారం జాంజిబార్ ప్రయాణం. అక్కడి హోటల్లో ఏసీలు బిగించి రమ్మని కంపెనీ వాళ్లు ఎల్లో ఫీవర్ సూది వేయించి, టికెట్ చేతిలో పెట్టారు. ఆ ఊళ్లో ఎలా మసలుకోవాలో ఒక్కరైనా చెబితేనా!

చివరికి చెప్పింది మా ఇంటి ఓనరమ్మ. ఒమానీయే గానీ పుట్టింది జాంజిబార్‌లో. చిన్నప్పుడే గొడవల్లో అన్నీ వదిలేసి వచ్చేశారట. సాయంత్రం కిందికి పిలిచి, ఖావా కాఫీ పోసి, తనకొచ్చిన హిందీలో జాగ్రత్తలన్నీ చెప్పింది.

"దోమతెర లేకుండా పడుకోకు బేటా. ఎవరినైనా ఏదైనా అడిగేముందు సలాం చెప్పి, ఇంట్లో అందరూ బాగున్నారా అను. ఆ సందుల్లో దారి తప్పుతావు, అందరూ తప్పుతారు. కాళ్లు నొప్పెడితే ఇత్తడి మేకుల తలుపున్న మా ఇంటి అరుగు మీద కూర్చో. అడిగితే మా ఇల్లని చెప్పు."

ముక్కూ మొహం తెలియని మనుషుల మధ్య నాకో చోటిచ్చింది, చల్లని తల్లి. కానీ ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నది వేరేవాళ్లు. లేచి పొమ్మంటారేమో...

అన్నా సరే, కాసేపైనా కూర్చునే వస్తాను. తిరిగొచ్చాక ఆవిడ మొదట అడిగేది దాని గురించే.