బెర్మెత్ బుగ్గ మీది నీలి ఉబ్బుకు పేరు మార్చుట గురించి

ప్రాంతీయ శిశువైద్య నిర్ధారణ సంఘం అధ్యక్షుల వారి సముఖమునకు,

తాష్-కెచూ గ్రామ ఆరోగ్య కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఫెల్షర్‌గా, అనగా డాక్టరు లేని ఊళ్ళో డాక్టరు పని చేయు ఉద్యోగిగా ఉన్న శార్షెన్‌బెక్ ఒసోరోవ్ వ్రాసుకొను అర్జీ.

విషయం: ఐదేళ్ళ బాలిక బెర్మెత్ వైద్య పత్రంలో జబ్బు పేరు సరిచేయుట, ఆ పేరు తప్పుపడుటకు కారకుడు ఎవరో తెలియజేయుట.

అయ్యా,

1. బెర్మెత్ కుడి బుగ్గ మీద నీలంగా, మెత్తగా ఒక ఉబ్బు కలదు. ఏడ్చినా తల వంచినా పెరుగుతుంది. నొక్కితే అణిగి, వదిలితే మళ్ళీ నిండుతుంది. ఈ చలికాలం నుంచి నాలుక కిందికి పాకింది. పత్రంలో దీని పేరు హీమాంజియోమా. అది తనంతట తానే తగ్గే గడ్డ గనుక, రాజధానికి చికిత్సకు పంపే పిల్లల జాబితాలో ఈమెను చేర్చనక్కరలేదని తమ కార్యాలయం సెలవిచ్చింది. జాబితా ఈ నెల ఇరవైన మూసివేయబడును.

2. నేను చదువుకున్న రోజుల్లో పిల్లల ఒంటి మీద ఎర్రగా కనబడినా నీలంగా కనబడినా హీమాంజియోమా అనే రాసేవాళ్ళం. అన్నిటికీ ఒకటే గంప. మొన్న మార్చిలో జరిగిన శిక్షణలో ఒక యువ డాక్టరమ్మ గోడకు పట్టిక తగిలించి ఆ గంపను రెండు చేసింది. ఒక వైపు గడ్డలు. అంటే నాళాల కణాలు అదుపు తప్పి పెరగడం. హీమాంజియోమా ఇటువైపుది. పుట్టినప్పుడు ఉండదు, ఉన్నా పోల్చుకోలేనంత చిన్న మచ్చగా ఉంటుంది. కొన్ని వారాల్లో ఎగసి, ఏడాది దాటాక కరగడం మొదలెడుతుంది. రెండో వైపు నిర్మాణ లోపాలు. అంటే కడుపులోనే నాళాలు తప్పుగా అమరడం. అవి పుట్టుకతోనే ఉంటాయి, పిల్లతో పాటే పెరుగుతాయి, వాటంతట అవి పోవు.

"ఎటువైపో తేలకపోతే ముందు ఒక్కటే అడగండి," అంది ఆవిడ. "పుట్టిన రోజున ఉందా, లేదా?"

"అప్పుడు చూసేది మా అత్తగార్లే డాక్టరమ్మా. వాళ్ళని అడగాలంటే ముందు మాకేదైనా ధైర్యానికి మందియ్యండి!" అని వెనక బెంచీ నర్సు ఎవరో అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ డాక్టరమ్మే తర్వాత పిల్లను చూసి, ఇది సిరల నిర్మాణ లోపంలా ఉంది, పాత పత్రం అడ్డు రాకపోతే స్కానుకు పంపేదాన్ని, అంది.

3. అటుపిమ్మట పేరు పునఃపరిశీలించగలరని తమకు రెండుసార్లు వ్రాసుకొంటిని. తమ జవాబు: "పుట్టిన మూడవ, పదవ దినములలో చర్మము శుభ్రముగా నున్నట్లు అనుభవజ్ఞుడైన ఫెల్షర్ స్వయముగా చూచి నమోదు చేసియున్నందున, ఇది పుట్టుకతో వచ్చిన లోపము కాజాలదు."

ఆ అనుభవజ్ఞుణ్ణి నేనే. నేను చూడలేదు. రెండు అర్జీల్లోనూ ఈ ముక్క దాచాను.

4. బెర్మెత్ జూన్‌లో, వేసవికి మందలు తోలుకెళ్ళే ఎగువ పచ్చిక మీద గుడారంలో, నెల ముందుగా పుట్టింది. తల్లిని కిందికి తెచ్చే వ్యవధి లేకపోయింది. మూడో రోజున గుర్రమెక్కి వెళ్ళాను. పిల్ల నాయనమ్మ తుర్సునై, మేమంతా అపా అని పిలిచే పెద్దావిడ, అడ్డంగా నిలబడింది.

"నలభై రోజులు నిండందే పరాయి కన్ను పడనివ్వం. ఒరేయ్ శార్షెన్, నీకు తెలీదూ? మీ అమ్మ మాత్రం నీ పిల్లల్ని నాకు చూపించిందా?"

"చూడకుండా ఎలా రాయను అపా?"

"పిల్ల బంగారంలా ఉంది, అదే రాసుకో. కుమిస్ తాగి వెళ్ళు."

పట్టుబట్టలేదు. ఆచారం మీరాడన్న మాట పడలేననుకున్నాను. గుర్రపు పాల కుమిస్ రెండు గిన్నెలు తాగి, మోకాలి మీద కాగితం పెట్టుకుని "చర్మం శుభ్రం" అని రాశాను. పదో రోజున కొండ కూడా ఎక్కలేదు. ఇంట్లో కూర్చుని అదే మళ్ళీ ఎక్కించాను.

5. ఇంకొకటి ఉంది. రాయడానికి చెయ్యి రావడం లేదు. నలభయ్యో రోజు దాటాక తల్లి కుందుజ్ పిల్లను తెచ్చి చూపించింది.

"పుట్టినప్పుడే ఉంది బాయ్‌కే, అప్పుడు చిక్కుడు గింజంత," అంది. ఊళ్ళో చిన్నవాళ్ళందరికీ నేను బాయ్‌కేని, పెద్దన్నను.

"కాగితం వెళ్ళిపోయిందమ్మా. పట్నంలో అడిగితే తర్వాత వచ్చిందని చెప్పు. ఎప్పుడొస్తేనేం, పేరు ఒకటేగా," అన్నాను.

పేరు ఒకటేనని నిజంగానే అనుకున్నాను. కాని ఆ మాట చెప్పించింది నా ఉద్యోగం కోసమే. పట్నం డాక్టర్లు హీమాంజియోమా మందు ఏడాదిన్నర పోయించారు. పిల్ల చేతులు చల్లబడి సోలిపోయేది, ఉబ్బు మాత్రం తగ్గలేదు. టీకాకు వచ్చినప్పుడల్లా "బడికెళ్ళే నాటికి పోతుందిలే" అన్నాను. సెప్టెంబరులో బెర్మెత్ బడికెళ్తుంది. నాకు ఆ బడి వీధిన నడవాలంటే సిగ్గుగా ఉంది.

6. కావున ప్రార్థించునది: పై రెండు నమోదులు అబద్ధమని రద్దుచేసి, బాలికకు స్కాను తీయించి, తేలిన పేరు వ్రాయించి, ఇరవైలోగా జాబితాలో చేర్చవలెను. నాపై విచారణ ఇరవై ఒకటిన ప్రారంభింపుడు. నిబంధనల ప్రకారం విచారణ మొదలైతే పిల్ల పత్రం బీరువాలో పెట్టి తాళం వేస్తారు. నా శిక్ష ఆగగలదు, నాలుక కింది ఉబ్బు ఆగదు. తపాలాను నమ్మక ఈ అర్జీ స్వయంగా తెచ్చి ఇస్తున్నాను. ముందు పిల్ల సంగతి, ఆ తరువాతే నా సంగతి తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడనని రాయడానికి అర్హత లేని,
శార్షెన్‌బెక్ ఒసోరోవ్

తా.క.: బయల్దేరేముందు ఇది కుందుజ్‌కి చదివి వినిపించాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, ఇలా అంది.

"ముగ్గురు డాక్టర్లు అడిగారు బాయ్‌కే. ముగ్గురికీ మీరు చెప్పమన్నట్టే చెప్పాను. మూడోసారికి నాకే అనుమానమొచ్చింది, కన్నతల్లినై ఉండి నా పిల్లని నేను సరిగ్గా చూసుకోలేదేమో అని. ఇప్పుడు చెప్పండి, నేను చూసింది నిజమేనా?"

నిజమేనమ్మా అన్నాను. కలం ఇమ్మంది. కింది మాటలు ఆమెవి.

పుట్టిన రోజునే ఉంది. నేను చూశాను. కుందుజ్, బెర్మెత్ తల్లి.