దగ్గుకు తీసిన స్కాను

కుర్చీల షాపు పెద్దాయనకు నమస్కారం.
రెండేళ్ల కిందట రంపపుపొట్టు పడక దగ్గొస్తోందని మా దగ్గర ఛాతీ స్కాను తీయించుకున్నారు. అప్పుడు ఊపిరితిత్తులే చూశాం. ఇప్పుడు పాత స్కానులన్నిటిలో గుండె కూడా చూస్తున్నాం. మీ గుండె రక్తనాళాల్లో కాల్షియం బాగా పేరుకుంది. గుండెపోటు వచ్చే ప్రమాదముంది. వెంటనే రండి.
ఇట్లు, స్కాన్ డాక్టరు.
తా.క. కంగారు పడకండి.

డాక్టరు గారికి,
నేను ఆయన తమ్ముణ్ణి. దగ్గని వస్తే గుండె చూడమని మిమ్మల్నెవరడిగారు? చూసేదేదో అప్పుడే చూడక, రెండేళ్లూ గుడ్డిగుర్రానికి పళ్లు తోమారా? మా అన్నయ్య రాడు.
ఇట్లు, ఒళ్లు మండిన తమ్ముడు.
తా.క. మీ వరండాలో బెంచీ కాలు ఊగుతోందని మేం ఆ రోజే చూశాం. ఆ రోజే చెప్పాం కూడా.

తమ్ముడు గారికి,
మొండితనం మంచిది కాదు. నొప్పి లేదు కదా అని మీ అన్నగారు ధీమాగా ఉన్నారేమో! మంచి మందులున్నాయి. ముందు సిగరెట్లు మానిపించండి.
ఇట్లు, మీ మేలుకోరే డాక్టరు.
తా.క. బెంచీ నిన్న విరిగింది. కూర్చున్నది నేనే.

డాక్టరు గారికి,
అన్నయ్య సిగరెట్టు ముట్టి ఏడాదైంది. రాడంటే రాడు. మీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.
ఇట్లు, ఇంకా మండుతున్న తమ్ముడు.
తా.క. నడుముకి స్కాను తీయించుకోండి. పనిలో పనిగా మిగతావీ చూసుకోండి.

తమ్ముడు గారికి,
ఏడాదిగా మానేశారా? శభాష్! అలాంటి మనిషిని రానివ్వనిది మీరేనని నా అనుమానం. ఆదివారం నేనే వచ్చి ఆయనతో మాట్లాడతాను. ఇంట్లో ఉంటారా?
ఇట్లు, పట్టు వదలని డాక్టరు.
తా.క. అందాకా ఆయన చేత బరువులు మోయించకండి.

డాక్టరు గారికి,
ఉంటాడు, గోడమీద ఫొటోలో. పోయినేడాది కుర్చీకి పట్టీలు బిగిస్తూ బిగిస్తూనే ఒరిగిపోయాడు. నొప్పని ఒక్క మాటైనా అనలేదు. మీరు రాసిందంతా ఆయన బతికుండగానే మీ దగ్గరుంది. అన్నయ్య పోయాడని ముందే రాస్తే మీరు అయ్యో అని ఊరుకునేవారు. నాకు పోట్లాడ్డానికి మనిషి కావాలి. ఇదివరకు ఆ పనికి అన్నయ్య ఉండేవాడు.
ఇట్లు, తమ్ముడు.
తా.క. ఆ రోజు అదే దగ్గుతో నేనూ స్కాను తీయించుకున్నాను. అన్నయ్య వెనకే నా వంతు. నాది ఇంకా చూడలేదు కదూ? ఉత్తరం రాయకండి, మీరు రానూ వద్దు. రేపొద్దున నేనే వస్తాను. నా ఎదురుగా చూసి చెప్పండి. బెంచీకి కాలు కూడా తెస్తున్నాను.