నా కారు అద్దం పగలగొట్టిన ఉరుకుందు నిర్దోషి అని

పోలీసు సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారి సముఖమునకు,
ఆదోని.

అయ్యా,

విషయం: నా కారు అద్దం పగలగొట్టినాడని స్టేషనుకు తెచ్చిన జీపు డ్రైవరు ఉరుకుందును విడిచిపెట్టుట, నేనిచ్చిన ఫిర్యాదును రద్దు చేయుట, నన్ను విచారించుట గురించి.

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసుకొను గురురాజ అను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. మొన్న మంగళవారం మిట్టమధ్యాహ్నం మా మనుమరాలు ప్రియదర్శినిని వెనక సీట్లో పడుకోబెట్టుకొని ఎమ్మిగనూరు నుండి ఆదోనికి వచ్చుచుంటిని. పాపకు ఇంకా మూడేళ్ళు నిండలేదు. దారి పక్కన పుచ్చకాయల కుప్ప కనబడగా కారు ఆపి, ఏసీ నడుస్తుండగానే, ఫోను ముందు సీట్లో వదిలి దిగితిని. సదరు కారుకు తాళంచెవి లేదు. ఫోనే తాళంచెవి. పండ్ల దగ్గర బేరం కొంచెం పొడుగైనది.

2. నేను తిరిగి వచ్చులోపల కారు తనంతట తానే ఏసీ ఆపుకొని, తలుపులు బిగించుకొన్నది. ఎందుకో నాకు నేటికీ తెలియదు. అమ్మినవారిని అడుగగా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించుకోలేదని నా మీదనే చెప్పినారు. ఇంతకుముందు నాకున్న పాత కారు అద్దాన్ని చేత్తో తిప్పి దించేవారము. తాళం లోపల మరిచినా, అద్దం సందున ఇనుప స్కేలు దూర్చి తలుపు తీసేవారము. దానిని డొక్కు బండి అని కృష్ణగిరి వారికి అమ్మివేసితిని.

3. అంతలో కూలీలను దింపి వచ్చుచున్న ఒక జీపు నా అరుపులకు ఆగినది. దాని డ్రైవరే ఉరుకుందు. అతని జీపు తలుపు తాడుతో కట్టి ఉండును. అతని ఫోను తీసుకొని, అద్దం మీద అతికించి ఉన్న కారు కంపెనీ సహాయ నంబరుకు చేసితిని. తెలుగుకు రెండు నొక్కమన్నారు, నొక్కితిని. దూరం నుండే తలుపు తెరుస్తామని, అందుకు నా ఫోనుకు ఓటీపీ పంపినామని, అది చెప్పమని ఒకమ్మాయి అన్నది. నా ఫోను అద్దం అవతల సీటులో బోర్లా పడి ఉన్నది. "అమ్మా, ఆ ఫోను కారులోనే ఉంది" అంటిని. "ఓటీపీ లేకుండా తెరవడానికి మాకు వీలు కాదు సార్, మళ్ళీ పంపమంటారా?" అన్నది. పంపమంటిని. అయ్యా, నిజంగా పంపమంటిని.

4. పాప లేచి ఏడుస్తూ అరచేతులతో అద్దాన్ని తట్టుచుండెను. ఉరుకుందు జీపులోనుండి జాకీ రాడ్డు తెచ్చినాడు.

"సావుకారన్నా, పక్కకు జరుగు. అద్దం కొడ్తా."

"ఆగప్పా. కొత్త బండి. ఆడినుంచే తీస్తామని సెప్తాండారు."

"యాడినుంచి? పాప ఈడుండాది కదన్నా!"

నేను అతని చేతిని పట్టుకొంటిని. ఎంతసేపు పట్టుకొంటినో తమరు అడిగినా చెప్పలేను. పాప తట్టుట ఆగిపోయినది. తల సీటుకు వాలిపోయినది. అప్పుడు ఉరుకుందు నన్ను తోసేసి ముందు తలుపు అద్దం పగలగొట్టినాడు. నేను తూలి, రాలిన గాజు పెంకుల మీద పడితిని. అతడే లోపలికి దూరి పాపను తీసి, తలమీద నీళ్ళు పోసి, జీపులో ఆదోని ఆసుపత్రికి చేర్చినాడు. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పినది. ఆ ఆలస్యం నాది.

5. ఉరుకుందు కూలీల కోసం తిరిగిపోయిన తరువాత నా భార్య రుక్మిణి, కొడుకు ఆకాష్ ఆసుపత్రికి వచ్చినారు. గాజు పెంకుల మీద పడినందున నా చేతికి రక్తం కారుచుండెను. రుక్మిణి ఆ చేతిని కళ్ళకద్దుకొని, "నువ్వు అద్దం పగలగొట్టకపోయింటే మన పాప యాడుండేదప్పా!" అని ఏడ్చినది. కాదని నేను చెప్పలేదు.

6. సొంతదారుడే అద్దం పగలగొట్టుకొంటే బీమా రాదని, వేరేవారు కొట్టినట్టు స్టేషను కాగితం తెమ్మని బీమా ఏజెంటు చెప్పగా, గుర్తు తెలియని వ్యక్తి పగలగొట్టి పారిపోయినాడని తమ స్టేషనులో రాసి ఇచ్చితిని. ఇంట్లో ఒక అబద్ధం, స్టేషనులో ఇంకొకటి. దారిలోని పెట్రోలు బంకు కెమెరాలో జీపు నంబరు దొరికి, జీపుతో సహా ఉరుకుందును తెచ్చినారు.

7. నిన్న తమ కానిస్టేబులు జయన్న ఫోను చేసి, "ఈయప్ప పాపను కాపాడేకి కొట్టినానంటాండాడు. నిజమేనా సార్?" అని అడిగినారు. "చూసి చెప్తా" అని పెట్టేసితిని. చూడవలసినది ఏమున్నది? సాయంత్రం నిజం చెప్పవలెనని స్టేషను దాకా వచ్చితిని. ఉరుకుందు వరండాలో గోడకానుకొని కూర్చొని ఉండెను. నన్ను చూసి లేచి, "పాప అన్నం తింటాందా అన్నా?" అని అడిగినాడు. తింటోందని తల ఊపి, వెనక్కి తిరిగితిని.

కావున, సదరు ఉరుకుందును, అతని జీపును వెంటనే విడిచిపెట్టగలరు. అబద్ధపు ఫిర్యాదు ఇచ్చినందుకు, అడ్డుపడినందుకు చట్టంలో ఏ శిక్ష ఉంటే అది నాకు వేయగలరు. ఇటువంటి బండ్లకు బయటినుండి చేత్తో తెరిచే తలుపు ఒకటైనా ఉంచునట్లు పై అధికారులకు రాయగలరని కూడా ప్రార్థన. అయినా ఆ రోజు తెరుచుకోనిది తలుపు ఒక్కటే కాదని తమరు చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు అనిపించుకొనే అర్హత పోగొట్టుకొన్న
గురురాజ

తాజా కలము: అయ్యా, ఈ అర్జీని ముందు రుక్మిణి చేతికిచ్చితిని. చదివినంతసేపూ నా ముఖం చూడలేదు. "నువ్వు సంతకం పెట్టి, కాగితం మడిచి, బట్టలేసుకొని పోయేదాంక ఆ మనిషి ఆడనే కూచోవల్లనా?" అని పాపను ఎత్తుకొని ఇప్పుడే ఆటోలో బయలుదేరినది. నన్ను రమ్మనలేదు. ఈ కాగితం కంటే ఆమె ముందు చేరును. ఆమె నన్ను గురించి ఏమి చెప్పినా అట్లే రాసుకోండి. నేను నడిచి వస్తున్నాను.