అక్సా పేరు తీసేయండి

ఉమ్మ్ అల్ హస్సామ్, బహ్రెయిన్
2006 మార్చి 4

ప్రియమైన బావగారికి (ప్రియమన్నది మర్యాదకే),

మన మనవరాలు అక్సాకు ఆపరేషన్ అయింది. పొట్ట చర్మం కింద బిళ్ళలాంటి పంపు పెట్టారు. దాన్నుంచి సన్నని గొట్టం వెన్నులోకి మందు పంపుతుంది. ఏడేళ్ళుగా కత్తెరలా బిగుసుకున్న కాళ్ళు నిన్న కాళ్ళకు వ్యాయామం చేయించే మణి చేతుల్లో విడివడ్డాయి. నా కూతురు ఏడ్చింది. పిల్ల నవ్వింది.

"ఆడపిల్ల ఒంట్లో ఇనప సామాను పెట్టిస్తారేంటండీ?" అని ఫోనులో అరిచారు మీరు. పెళ్ళిపందిట్లో నన్ను పుస్తకాల పురుగన్నారు. ఆ పురుగే ఈ పంపు గురించి చదివి మీ అబ్బాయి అచ్చిబాబును ఒప్పించింది. మీ శుక్రవారపు ఉపవాస ప్రార్థనలు ఇన్నాళ్ళలో ఒక్క కాలివేలు కదిల్చాయా? ఇక సంఘంలో అక్సా కోసం ప్రార్థించకండి. పేరు తీసేయండి.

శ్రేయోభిలాషి అని రాయలేక,
శాంతిరాజు


సామర్లకోట
మార్చి 20

ప్రియమైన శాంతిరాజు బావగారికి ప్రభువు నామమున వందనాలు.

పిల్ల నవ్విందన్న వాక్యం మీ చెల్లెమ్మకు మళ్ళీ మళ్ళీ చదివి వినిపించాను. మిగతాది వినిపించలేదు. పేరు తీసేయమన్నారు, తీసేశాను.

నాది మీ మీద పంతం కాదు బావగారూ. మా నాన్న తుంటిలో వేసిన రాడ్డు చీముపట్టి పోయాడు. అప్పటినుంచి ఇనుమంటే భయం. గాయం ఎలా ఉందో రాయండి.

మీ
బెన్‌హర్


ఉమ్మ్ అల్ హస్సామ్
మే 11

బావగారికి,

మీ భయమే నిజమైంది. గాయం చీముపట్టింది. పంపు తీసేశారు. మందు ఆగాక మొదట ఒళ్ళంతా దురద, తర్వాత జ్వరం, ఆ తర్వాత పిల్ల విల్లులా వంగి బిగుసుకుపోయింది. ఇలా అవుతుందని నేను ముందే చదివాను. చదివినప్పుడు అది పుస్తకంలో ఒక పేరా.

గండం గడిచింది. ఇప్పుడు మాత్రలు. కాళ్ళు మళ్ళీ కత్తెర. ఎవర్ని తిట్టాలా అని వెతికాను. డాక్టరు, నర్సు, మణి, మీరు. ఒక్కరూ దొరకలేదు.

గాయం పూర్తిగా మానితే ఇంకో పంపు పెడతామంటున్నారు. అచ్చిబాబు ఒప్పుకోవడం లేదు. "ఖలాస్ మామయ్యా! ఇంకోసారి ఆ మాటెత్తితే ఊరుకోను" అన్నాడు. అక్సా మాత్రం నన్ను దగ్గరికి పిలిచి, "తాతయ్యా, నా పంపు నాకెప్పుడిస్తారు?" అంది.

వాడు నా మాట వినడు, మీ మాట వింటాడు. గెలిచింది మీరే. గెలిచినవారు ఒక్క ఫోను చేయండి.

శాంతిరాజు


సామర్లకోట
మే 29

ప్రియమైన బావగారికి వందనాలు.

ఫోను చేశాను. "వద్దన్నది నువ్వే కదా నాన్నా!" అన్నాడు.

"అన్నాన్రా. మా నాన్న రాడ్డుతో పోయాడని నా మనవరాలి కాళ్ళు కట్టేస్తానా? అసలు దాన్నడిగావా?"

వాడు ఫోను పెట్టేయకుండానే అక్సాను పిలిచాడు. పంపు మళ్ళీ కావాలా అని అడిగాడు. నాకూ వినబడింది. "నొప్పెడుతుంది నాన్నా. అయినా కావాలి" అంది. గాయం మానాక పెట్టిద్దామన్నాడు.

నాకింకా భయమే. మళ్ళీ చీముపట్టదని మీ పుస్తకాలూ చెప్పవు, నా ప్రార్థనా చెప్పదు.

ఇంకొకటి. మీరు కోరినట్టు మార్చిలోనే అక్సా పేరు తీసేశాను. మాట తప్పలేదు. అప్పటినుంచి ప్రతి శుక్రవారం ఆ చోట మీ పేరు చెబుతున్నాం. దాన్ని మాత్రం తీయమన్నా తీయను.

మీ బావ
బెన్‌హర్