చావు మరిచిన కణాలు

ప్రియమైన అక్కకు,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే "గుండ్రాయిలా ఉన్నానే" అంటావు, నేను నమ్మినట్టు నటించాలి.

ఈమధ్య ఆసుపత్రికి రాకపోవడానికి పని ఒత్తిడి అని చెప్పాను కదా, అది అబద్ధం. వస్తే నువ్వు మళ్ళీ మా ల్యాబులోని ఆ మందు అడుగుతావని భయం.

మొన్న మధ్యాహ్నం బావ మా ల్యాబు గేటు దగ్గరికి వచ్చాడు. ఎండలో నిలబడి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీ చేతిలో పనే కదమ్మా. ఒక్క సీసా. ఎవరికీ చెప్పను" అన్నాడు. ఎవరినీ గుక్కెడు మంచినీళ్ళు కూడా అడగని మనిషి మన బావ.

లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. మా గది కిటికీలు తెరుచుకోవు. గాలి కూడా వడపోసిందే గొట్టంలోంచి వస్తుంది. అక్కడే రోజూ క్యాన్సరు కణాలు చావడం చూస్తుంటాను. మామూలు కణం కాలం తీరితే తనంతట తానే చస్తుంది. క్యాన్సరు కణం ఆ చావును మరిచిపోతుంది. మేం వాడేది విషం కాదు, మన ఒంట్లోనే తయారయ్యే ఒక కోఎంజైమ్. తిండిని శక్తిగా మార్చుకోవడానికి కణానికి తోడ్పడే పదార్థం. దాన్ని దండిగా అందిస్తే ఆ మొండి కణాలకు చావు గుర్తొస్తుంది. ముడుచుకుపోయి, బుడగలు బుడగలుగా విడిపోతాయి. చూస్తుంటే నాకు కడుపు నిండినట్టుంటుంది.

కానీ అదంతా గాజు పళ్ళెంలో అక్కా. ఎలుకలకు ఎక్కిస్తే కొన్నింటికి గడ్డ కరిగింది. కొన్ని లోపల రక్తం కారి చచ్చిపోయాయి. ఎందుకో మాకింకా తెలియదు. "ఒంట్లో ఉండేదే కదా, ఏం చేస్తుంది?" అన్నావు నువ్వు. నీళ్ళూ ఒంట్లో ఉండేవే, మనిషి వాటిలో మునిగి చావడం లేదూ?

అయినా ఆ సాయంత్రం ఒక సీసా కోటు జేబులో వేసుకున్నాను. తలుపు దాకా వెళ్ళాను. ఇస్తే నా చేత్తో నిన్ను చంపినట్టు, ఇవ్వకపోతే చూస్తూ చూస్తూ చంపినట్టు. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. చివరికి సీసా మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టేశాను. తేలేను అక్కా. తిట్టు, కానీ ఇంకెప్పుడూ అడగొద్దు.

నీ చిట్టెలుక

---

ఒసేయ్ చిట్టెలుకా,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. "దాన్ని అంత నలిపేశానా?" అన్నాడు. ఆయన్నేమీ అనకు.

నిజం చెప్తున్నా. నువ్వు సీసా తెచ్చుంటే ఎక్కించుకునేదాన్నే, ఎలుకల సంగతి తెలిసినా సరే. ఈ మంచం మీద పడుకున్నవాళ్ళకు గడ్డిపరక కూడా మోకులా కనిపిస్తుంది. తేకపోవడమే మంచిదైంది. నాకేమైనా అయితే నేను పోయి ఊరుకుంటాను. నువ్వు మాత్రం జన్మంతా ఆ గదిలోంచి బయటికి రాలేవు.

కోపం ఉంది, కానీ మందు తేనందుకు కాదు, నువ్వు రానందుకు. ఇక్కడికొచ్చే ప్రతివాళ్ళూ "తగ్గిపోతుందిలే" అంటారు. నర్సమ్మ దిండు సర్దుతూ అదే పాట. నాతో నిజం మాట్లాడేదానివి నువ్వొక్కదానివే. అదీ లేకపోతే ఈ నాలుగు గోడల మధ్య నాకు ఊపిరాడదే.

ఇంకో మాట. నా పొట్టలో చేరిన నీళ్ళు సూదితో తీసి పారబోస్తున్నారు. వాటి నిండా ఆ మొండి కణాలేనట. నిన్న డాక్టరమ్మతో "వాటిని మా చెల్లెలి ల్యాబుకి పంపించండి" అన్నాను.

"దానివల్ల మీకేం లాభం ఉండదమ్మా" అంది.

"తెలుసు. ఎలాగూ పారబోసేవే కదా!"

మీ పెద్దసారుతో మాట్లాడిందట, ఆయనా సరేనన్నాడట. నేను సంతకం పెట్టేశాను.

నన్నింతగా తినేసినవి అవి. నీ గాజు పళ్ళెంలో వెయ్యి, మొహమాటపడకు. అవి చచ్చినా, చావకపోయినా ఫోనులో మాత్రం చెప్పకు. వచ్చి, నా మంచం మీద కూర్చుని చెప్పు.

మీ అక్క