తాతల బల్ల మీద నుంచి తండ్రుల వైపుకి మార్చవలసిందిగా

విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

మా అమ్మాయి నిన్న బడిలో అందరి ముందూ నన్ను "నాన్నా" అని పిలిచిందండీ! గొణిగినట్టు కాదు, గట్టిగా పిలిచింది. చివరి వరసలో వాళ్ళకి కూడా వినపడింది. విషయం అన్న ముక్క మొదట రాయాలని నాకూ తెలుసు, మా కొట్టు పక్కన టైపు చేసే ఆయన కూడా అదే చెప్పాడు, కానీ చెయ్యి ఆగలేదు, మన్నించాలి. ఇప్పుడు రాస్తున్నాను.

విషయం: ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతి చదువుచున్న నా కుమార్తెకు నేను తండ్రినే గాని తాతను కానని ఉత్తర్వు ఇప్పించి, గేటు కార్డు మీద ఫొటో మార్పించి, వచ్చే శనివారం జరుగు తండ్రుల పరుగు పందెంలో నన్ను పరిగెత్తనివ్వవలసిందిగా కోరుట గురించి.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను పరుపులు, దిండ్లు కుట్టి బతికేవాణ్ణి. నాకు పెళ్ళే ఆలస్యం, పిల్ల ఇంకా ఆలస్యం. ఇక లేదులే అనుకుని ఉయ్యాల చెక్కలు తీసి కొట్టులో అరగా కొట్టించుకున్నాక పుట్టింది. అరలోని దిండ్లన్నీ కింద పారేసి మళ్ళీ ఉయ్యాల చేయించాను. అప్పటికే నా తల నెరిసింది. పైగా పొద్దస్తమానం దూదిలో ఉండే మనిషిని, నల్లగా మిగిలిన నాలుగు వెంట్రుకలూ సాయంత్రానికి తెల్లగానే కనిపిస్తాయి. దానికిప్పుడు ఏడేళ్ళు, నాకు అరవై అయిదు. ఇందులో దాచవలసింది ఏమీ లేదు. దాచింది నేను కాదు. ఎవరు దాచారో ఈ దిగువన మనవి చేసుకుంటున్నాను.

1. దూది గురించి. ఈ వసంతకాలపు టర్ము మొదట్లో రెండో తరగతి పిల్లలు చిక్కుడు గింజల్ని తడి దూదిలో పెట్టి మొలిపించే పని పెట్టుకున్నారు. టీచరమ్మ కబురు పంపిందే తడవు, ఒక పెద్ద సంచీ నిండా మోసుకెళ్ళి ఇచ్చాను. కొత్తగా ఏకిన దూది, పాత పరుపులు విప్పిన దూది కాదు. మర్నాడు తరగతి గోడ మీద కాగితం అంటించారు, "దూది ఇచ్చిన తాతగారికి కృతజ్ఞతలు" అని. పెద్దమనిషిని కదా, గౌరవానికి అన్నారనుకున్నాను. ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పుకుని మురిసిపోయాను. ఆవిడ కూరలు తరుగుతూ "ఊఁ" అంది. ఆ "ఊఁ"లో ఇంత ఉందని నాకెలా తెలుస్తుంది?

2. కథల గురించి. ప్రతి శుక్రవారం "పెద్దల కథల గంట" అని పెట్టి నన్ను రమ్మన్నారు. ఆకుపచ్చ కార్డు ఒకటి చేతికిచ్చి, ఇది పెద్దలకండీ, గేటు దగ్గర చూపిస్తే లోపలికి పంపుతారు అన్నారు. పెద్దవాణ్ణే కదా అని జేబులో వేసుకున్నాను. చిన్న పీట మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఏనుగు పరుపు కుట్టించుకోవడానికి వచ్చిన కథ చెప్పాను. పిల్లలు దొర్లి దొర్లి నవ్వారు. "తాతయ్యా ఇంకోటి, తాతయ్యా ఇంకోటి" అని మీద పడ్డారు. పిల్లలన్నాక అలాగే అంటారు, అందులో తప్పులేదు. కానీ అయ్యా, నా కూతురు మాత్రం బడిలో నన్ను ఏ వరసా పెట్టి పిలిచేది కాదు. ఏదైనా కావాలంటే వచ్చి చొక్కా పట్టుకు లాగేది. బిడియం కాబోలు అనుకున్నాను. ఇంటి గడప తొక్కగానే "నాన్నా" అని మొదలుపెడితే నిద్రపోయేదాకా నోరు మూయదు మరి!

3. నన్ను పిలవని వాటి గురించి. సదరు టర్ములో తల్లిదండ్రుల సమావేశం ఒకటి, తండ్రుల గోనెసంచి పందెం ఒకటి, బడి గోడకి తండ్రులంతా కలిసి రంగులేసే ఆదివారం ఒకటి జరిగాయట. మూడూ నాకు తెలియవు. సమావేశం నాడు "ఈసారి లేదటండీ" అంది మా ఆవిడ. రంగుల ఆదివారం నాడు ఎవరింట్లోనో పరుపు కొలత తీసుకోవాలని నన్ను అవతలి వీధికి పంపింది. వెళ్ళి చూస్తే వాళ్ళు ఇంకా మంచమే కొనలేదు.

4. నిన్న జరిగిన దాని గురించి. ఇదే అసలు ఫిర్యాదు, తమరు కాస్త నిదానంగా చదవాలి. నిన్న బడిలో వసంతకాలపు వేడుక. ఆవరణ అంతా కాగితం పువ్వులు, వేదిక, మైకు, ఒక పక్క తల్లిదండ్రుల కుర్చీలు, ఇంకో పక్క తాతయ్యలూ అమ్మమ్మలూ కూర్చోవడానికి బల్ల. గేటు మనిషి నా ఆకుపచ్చ కార్డు చూసి బల్ల వైపు చెయ్యి చూపించాడు. ఎక్కడ కూర్చుంటేనేం, పిల్ల కనపడితే చాలు అనుకున్నాను. ఇంకా టైముంది కదా అని వరండాలోకి వెళ్ళి పిల్లల బొమ్మలు చూడబోయాను. "మా ఇల్లు" అని గీసిన బొమ్మలు. మా అమ్మాయి బొమ్మలో వాళ్ళమ్మ ఉంది. పక్కనే ఎర్ర మోటారు బండి మీద మీసాలాయన, కింద "నాన్న" అని ఉంది. మూలన దూది ఉండలాంటి తలకాయ, కింద "తాతయ్య" అని ఉంది. ఆ అక్షరాలు నేను చెయ్యి పట్టుకుని దిద్దించినవే అయ్యా.

ఆ మీసాలు, ఆ ఎర్ర బండి నా బావమరిదివి. మా ఆవిడ సొంత తమ్ముడు. నా పెళ్ళిలో నా ఒళ్ళో కూర్చుని ఫొటో దిగినవాడు. బొమ్మ పక్కనే ఇంకో ఫొటో, గోనెసంచి పందెంలో రెండో బహుమతి, మెడలో పతకం, కింద "రెండో తరగతి విద్యార్థిని తండ్రి" అని వాడే పళ్ళికిలించుకుని నిలబడి ఉన్నాడు.

అంతలో మా ఆవిడా, వాడూ అటే వచ్చారు.

"ఏవిట్రా ఇది?" అన్నాను.

"బావా, అరవకు. నీ గొంతుకి మైకు అక్కర్లేదు."

"ఆ పతకం ఎవరిదిరా?"

"సంచిలో ఎగిరింది నేనే కదా బావా! నువ్వు ఎగిరుంటే ఆ సంచిలోనే మూటగట్టి ఇంటికి తేవాల్సొచ్చేది."

మా ఆవిడ మధ్యలోకి వచ్చింది. "ఈ టర్ము మొదలవగానే పిల్ల ఏడ్చిందండీ. 'మీ నాన్న తాతయ్యా, మీ నాన్న తాతయ్యా' అని చుట్టూ చేరి చప్పట్లు కొట్టారట. బడికి పోనని మంచం కోడు పట్టుకుని కూర్చుంది. ఏం చెయ్యమంటారు? తమ్ముణ్ణి రమ్మన్నాను. మీరు తాతయ్యనీ, వాడే నాన్ననీ పిల్లలకి చెప్పించి, తండ్రి కార్డుకి వాడి ఫొటో ఇచ్చాను."

"నాతో ఒక్క మాట అనలేకపోయావా?"

"అంటే మర్నాడే జుట్టుకి రంగేసుకుని బయల్దేరేవారు. మీ సంగతి నాకు తెలీదూ!"

అది నిజమే, వేసుకునేవాణ్ణి. అయినా అడగాలి కదండీ! టీచరమ్మ కూడా వచ్చి, "పాప మనసు కష్టపడకూడదనేనండీ, నాకు మొదటి నుంచీ తెలుసు" అంది. అంటే నా దూది పుచ్చుకున్నప్పుడూ తెలుసు, నా కథలకి నవ్వినప్పుడూ తెలుసు. తడిగుడ్డతో గొంతు కోశారంటారే, వీళ్ళు నా దూదే తడిపి నా గొంతు కోశారు. ఇంట్లోవాళ్ళు, బడివాళ్ళు, చివరికి గేటు మనిషి, అందరికీ నేను తాతనే. ఆ సంగతి నాకొక్కడికే తెలియదు.

"ఇవాళ్టికి కానివ్వండి, తిట్టేది ఇంటికెళ్ళాక తిడుదురుగాని" అంది మా ఆవిడ. వెళ్ళి బల్ల మీద కూర్చున్నాను. ఎవరో అమ్మమ్మ గారు "మీ మనవరాలు ఏ తరగతండీ?" అని అడిగారు.

వేడుక చివర ఒక్కొక్క పిల్ల తను మొలిపించిన చిక్కుడు మొక్కని వేదిక మీద తండ్రికో తల్లికో అందించాలి. మా అమ్మాయి వంతు వచ్చింది. "వీళ్ళ నాన్నగారు వేదిక మీదికి రావాలి" అని మైకులో పిలిచారు. నా బావమరిది చొక్కా సర్దుకుంటూ లేచాడు. నేను తల వంచుకున్నాను. నేల చూస్తూనే ఉన్నాను. కాసేపటికి ఆ నేల మీద రెండు చిన్న బూట్లు వచ్చి ఆగాయి. ఒకదాని తాడు ఊడిపోయి ఉంది. పొద్దున నేను కట్టిన తాడే.

"నాన్నా, ఇదిగో. గట్టిగా నొక్కకు, కాడ మెత్తగా ఉంది."

వెనక నుంచి ఒక పిల్లాడు, "ఏయ్, ఆయన మీ తాతయ్య కదే?" అన్నాడు.

"కాదు, మా నాన్నే. జుట్టొక్కటే తాతయ్య!" అంది.

అయ్యా, ఆ తరవాత ఎవరు పాడారో, ఎవరు ఆడారో నేను చూడలేదు. కప్పులో మొక్క ఒకటే చూస్తూ కూర్చున్నాను. దానికి రెండు ఆకులు.

దారిలో అడిగాను, "మామయ్యకి ఎందుకివ్వలేదమ్మా?" అని. "మామయ్య బండి మీద పెట్టుకుని విరిచేస్తాడు నాన్నా. నీ దగ్గరైతే దూది ఉంది" అంది. నేను ఇంకేదో అంటుందని ఆశపడ్డాను. అయినా సరే, నాకు ఇది చాలు. "మరి రేపటి నుంచి బడిలో నాన్నా అంటావా?" అన్నాను. "నువ్వు నాన్నల వైపు ఉంటే అంటా. తాతల బల్ల మీద కూర్చుంటే మళ్ళీ నవ్వుతారు" అంది.

అందుకని ఈ పొద్దున్నే కొట్టు కూడా తెరవకుండా పెద్ద టీచరమ్మ గారి దగ్గరికి వెళ్ళాను. ఆమె కాగితాలు తిరగేసి, "తండ్రి కార్డు మీద వేరే ఆయన ఫొటో ఉందండీ. పందెం పట్టీలో కూడా ఆయనే. మార్చాలంటే పై నుంచి ఉత్తర్వు రావాలి. అంతదాకా మీరు తాతయ్య కార్డు మీద రావచ్చు, మాకేం అభ్యంతరం లేదు" అన్నారు. నా కూతురికి నేను తాతగా ఉండటానికి వాళ్ళకి అభ్యంతరం లేదట! నవ్వాలో ఏడవాలో తెలియక నమస్కారం పెట్టి వచ్చేశాను.

కావున తమరు దయయుంచి, (క) తండ్రి కార్డు మీద నా ఫొటో పెట్టించాలి, దీనితో జత చేశాను, దూది దులుపుకునే దిగాను. (ఖ) శనివారం పందెంలో నా పేరు చేర్పించాలి. ఆఖరున వచ్చినా ఫరవాలేదు, తండ్రుల గీత దగ్గర నిలబడితే చాలు. (గ) టీచరమ్మ మీద చర్య ఏమీ వద్దు. ఆమె మీద నాకు కోపం ఉంది, అది నేనే చూసుకుంటాను. వచ్చే ఏడాది కూడా దూది ఇస్తాను.

శనివారం దాటితే ఈ అర్జీ ఎందుకూ పనికిరాదు గనుక, తమరు మిగతా కాగితాలు కాస్త పక్కకి జరిపి దీన్ని ముందుగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పరుపుల కొట్టువాడు,
రెండో తరగతి విద్యార్థిని తండ్రి
(తండ్రి అన్న మాట కింద గీత నేనే కావాలని గీశాను)

తా.క. తమరి ఆఫీసులో కార్బను కాగితాలు ఉంటాయట కదా. ఈ దిగువ వారికి కూడా మంచి కబురు తెలియాలి:

మా పెద్దక్కకి. "ఈ వయసులో పిల్లేంట్రా, నిన్ను ఏమని పిలవాలో దానికే తెలీదు" అని పురిటి గదిలోనే అంది. తెలిసిందని చెప్పాలి. చెవుడు గనుక ఎవరైనా పక్కన కూర్చుని రెండుసార్లు చదవాలి.

మా మేనత్త కోడళ్ళకి. నలుగురికీ అక్కర్లేదు, ఒకరికి చెబితే చాలు.

మా అన్న కొడుక్కి. వాడి పిల్లలకి నేను నిజంగానే తాతని, వాళ్ళు పిలుపు మార్చనక్కర్లేదు.

మా అత్తగారికి. కొడుకు పతకం గోడకి తగిలించి వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోందట. ఏ హోదాలో వచ్చిందో తెలిస్తే మంచిది.

మా ఆవిడకి. ఒకే ఇంట్లో ఉన్నాం గాని నిన్నటి నుంచి నేను మాట్లాడటం లేదు. మొక్కకి నీళ్ళు మాత్రం ఆవిడే పోస్తోంది, చూశాను.

ఆఖరున మా బావమరిదికి. పతకం ఉంచుకోమనండి, ఎగిరింది వాడే. కానీ శనివారం మాత్రం వాడు ఆకుపచ్చ కార్డు పుచ్చుకుని వచ్చి, తాతల బల్ల మీద కూర్చుని, నేను పడకుండా గీత దాటేదాకా చప్పట్లు కొట్టాలి.